తప్పిన మస్టర్లు

బయ్యారం వాళ్ళకు ఇనుము కాళ్ళ కిందే ఉంది, బొగ్గు పక్క మండలం ఇల్లందులో ఉంది. ఇనుము గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. 2014 విభజన చట్టంలో ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీకి సాధ్యాసాధ్యాలు చూడమని రాశారు. బయ్యారం అప్పుడు ఖమ్మం జిల్లాలోనే ఉండేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ మాట మళ్ళీ వినబడుతుంది. ఇంట్లోకి నెలనెలా నికరంగా జీతం తెచ్చింది మాత్రం బొగ్గే. ఇల్లందును పెద్దవాళ్ళు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు. ఆ చుట్టుపక్కల బొగ్గు ఉందని 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త తేల్చాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో ఏర్పడిన కంపెనీకి దగ్గర్లోని సింగరేణి అనే చిన్న ఊరి పేరు నిలిచిపోయింది.

నేను చెప్పబోయే మనిషికి పేరు పెట్టను. బయ్యారం, గార్ల, ఇల్లందు మధ్య ఊళ్ళలో అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు, ఉండేవాళ్ళు. ఒకరి జబ్బు, ఇంకొకరి అప్పు, మరొకరి చార్జిషీటు కలిపి పోగుచేసిన మనిషి ఆయన.

తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం వచ్చింది. అప్పట్లో అదే పద్ధతి. హోదా బదిలీ ఫిల్లరు, టబ్బుల్లో బొగ్గు నింపే పని. బదిలీ అంటే, పర్మినెంటు మనిషి నాగా పెడితే ఆ రోజు పని బదిలీకి దొరుకుతుంది. ఈ కథలో నన్ను ఎక్కువగా తొలిచేది ఇదే: ఆయన ఉద్యోగం మొదలైందే ఇంకొకడి నాగాతో. తెల్లారి బాయి (గని) దగ్గర నిలబడి, ఎవరు రాలేదా అని చూసి, పిలుపు అందితే లోపలికి దిగేవాడు. ఆ రోజుల్లో ఒక్క మస్టర్, అంటే ఒక రోజు హాజరు, దొరికితే పండగే. ఏడాదికి కావలసిన మస్టర్లు నింపి పర్మినెంటు అయ్యాడు. ఊళ్ళో పెళ్ళి సంబంధాలు వరస కట్టాయి. "సింగరేణి పిల్లగాడు" అంటే కట్నం మాట ఎత్తే పని లేదు, ఆడపిల్లవాళ్ళే ఎత్తేవాళ్ళు.

భూగర్భంలో పనిచేసేవాడికి ఏడాదికి 190 మస్టర్లు, పైన పనిచేసేవాడికి 240. ఇది కంపెనీ పెట్టిన లెక్క కాదు, 1952 నాటి గనుల చట్టం పెట్టింది. ఆ చట్టం కింద జీతంతో సెలవు రావాలంటే అన్ని రోజులు పనిలో కనబడాల్సి ఉండేది. 365లో 190 అంటే బయట కూర్చున్నవాడికి సగం రోజుల పనిలా అనిపిస్తుంది. నడుము వంచి, తట్టా చెమ్మస్ (పార) పట్టుకుని, నెత్తిన క్యాప్ ల్యాంపు వెలుగులో టబ్బు నింపినవాడిని అడిగితే సంగతి తెలుస్తుంది. గాలి కదలదు, చెమట ఆరదు, పైకప్పు మీద ఒక కన్ను వేసే ఉంచాలి. ఎనిమిది గంటలు అలా గడిపి పైకి వచ్చినవాడికి ఒళ్ళు తన మాట వినదు. అందుకే సారా. 1993 అక్టోబరు 1న సారాను నిషేధిస్తే గుడుంబా వచ్చింది, ఆ తర్వాత బ్రాందీ షాపు వచ్చింది. సీసా మారింది కానీ ఒళ్ళు నొప్పులు మారలేదు.

మొదటి నాగా ఎప్పుడు పెట్టాడో ఆయనకే గుర్తుండదు. జీతాల మర్నాడు అయి ఉంటుంది. జీతాల మర్నాడు బాయి పలచబడడం ఈ బెల్టులో పాత ముచ్చటే. తర్వాత నాట్లకు నాలుగు రోజులు, ఎందుకంటే బయ్యారం చెరువు కింద ఎకరం పొలం ఉంది. చెల్లె కొడుకు పెళ్ళికి మూడు రోజులు. రెండేళ్ళకోసారి మేడారం జాతర, ఎడ్లబండి నుంచి ఆర్టీసీ బస్సు దాకా బండి మారినా ఆ వారం మాత్రం మారదు. వీటిలో ఏదీ తప్పు అని ఎవరూ అనలేరు. భార్య అడిగేది: "ఇయ్యాల గూడ పోవా?" "ఒక్క దినానికి ఏమైతది?" అనేవాడు. నిజంగానే ఏమీ కాలేదు. ఆ దినానికి జీతం పోయింది, అంతే.

పోయిన జీతాన్ని పూడ్చడానికి గిరిగిరి వచ్చింది. బొగ్గు బెల్టు దాటినవాళ్ళకు ఈ మాట తెలియకపోవచ్చు. పది వేలని రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతాడు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. మొదట అలా, తర్వాత నెలవారీ వడ్డీకి, ఆ తర్వాత పాసుపుస్తకం తాకట్టు, కొన్నేళ్ళకు ఏటీఎం కార్డు. జీతం పడిన రోజు కార్డు షావుకారి జేబులోంచి మిషన్లోకి వెళ్తుంది, ఇంటికి రావలసింది మిగిలితే వస్తుంది. ఇక్కడ కథ మలుపు తిరిగింది. డ్యూటీకి పోతే డబ్బు షావుకారిది, పోకపోతే నిద్ర తనది. నాగా వల్ల అప్పు పుట్టింది, ఇప్పుడు అప్పు వల్ల నాగా పుడుతోంది. దీన్ని బద్ధకం అన్నవాళ్ళు ఈ వలయాన్ని చూడలేదు. తలరాత అన్నవాళ్ళు మొదటి నాగాను చూడలేదు.

ఒంటి సంగతీ ఇంతే. గని కార్మికుడికి నిర్ణీత కాలానికోసారి వైద్య పరీక్ష తప్పనిసరి. బీపీ ఉందన్నారు, మాత్రలు రాసిచ్చారు. నెల వేసుకున్నాడు, తల తిరగడం తగ్గింది, మానేశాడు. దుమ్ముకు ముక్కుకు గుడ్డ కట్టుకోమంటే ఊపిరి ఆడదన్నాడు. గనిలోకి బీడీ తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ఎనిమిది గంటల బాకీ పైకి రాగానే తీర్చుకునేవాడు. దగ్గు వచ్చింది. బొగ్గు పనిచేసేవాడికి దగ్గు రాక సంగీతం వస్తుందా అని నవ్వేవాడు.

ఇంకొక్కటి ఉంది, కాస్త ఆగి చెప్పాలి. జ్వరం వచ్చిన రోజు ఆయన ముందు రెండు దారులు ఉండేవి. ఇల్లందులో కంపెనీ దవాఖానా. అక్కడ ఉచితంగా చూస్తారు, మందులిస్తారు, సిక్కు (జబ్బు సెలవు) రాస్తారు. ఆ కాగితం రికార్డులోకి ఎక్కుతుంది. రెండోది ఊళ్ళో ఆర్‌ఎంపీ. వీధి చివరే ఉంటాడు, సూది వేస్తాడు, సాయంత్రానికి లేచి కూర్చోవచ్చు. ఒంట్లో బాగాలేనివాడు బస్సెక్కి పోయి లైన్లో నిలబడమంటే ఎవరికి మనసొప్పుతుంది? ప్రతిసారీ ఆర్‌ఎంపీ దగ్గరికే పోయాడు. ప్రతి జ్వరమూ తగ్గింది. కానీ మస్టరు బుక్కులో అవన్నీ సిక్కు రోజులు కాలేదు, కారణం చెప్పని గైర్హాజరు అయ్యాయి.

చార్జిషీటు వచ్చింది. కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లలో 25.25 అనే అంకె ఉంది. సరైన కారణం లేకుండా అలవాటుగా డ్యూటీ ఎగ్గొట్టడం అనేది ఆ నేరం. ఈ బెల్టులో చదువురాని ముసలమ్మకు కూడా ఆ అంకె తెలుసు. ఏడాదిలో వంద మస్టర్లయినా లేవు. విచారణలో అడిగారు, ఎందుకు రాలేదని. "ఒంట్లో బాగలేకుండె సార్" అన్నాడు. కాగితం చూపించమన్నారు. జేబులో ఏముంది? అబద్ధం చెప్పలేదు ఆయన. జ్వరాలు నిజమే, దగ్గు నిజమే. నిజానికి సాక్ష్యం మాత్రం లేదు. ముందు హెచ్చరిక, తర్వాత ఇంకో అవకాశం, చివరికి డిస్మిస్ ఆర్డరు.

ఇలాంటి కేసులు లేబర్ కోర్టులకు, అక్కడి నుంచి హైకోర్టుకు చాలా వెళ్ళాయి. కొందరిని పాత సర్వీసు లెక్కలోకి రాకుండా కొత్త బదిలీ ఫిల్లర్లుగా మళ్ళీ తీసుకున్నారు. నలభై దాటిన మనిషి మళ్ళీ బాయి దగ్గర నిలబడి, ఎవరు నాగా పెట్టారా అని ఎదురుచూడాలన్నమాట. ఆయనకు అదీ దక్కలేదు. వకీలుకు ఫీజు కడదామంటే కార్డు ఇంకా షావుకారి దగ్గరే ఉంది.

కంపెనీ కూడా ఒకప్పుడు ఇలాగే పడిందని చెబితే కొందరికి నచ్చకపోవచ్చు. ఏ బాయికి ఆ బాయి, చిన్నచిన్న కారణాలకు ఆగిన షిఫ్టులు, తగ్గిన ఉత్పత్తి, పెరిగిన అప్పు కలిసి 1992లో ఒకసారి, 1996లో మరోసారి సింగరేణిని ఖాయిలా కంపెనీల బోర్డు బీఐఎఫ్ఆర్ గుమ్మం ఎక్కించాయి. అప్పుల మీద గడువు దొరికింది, కార్మికులు, యాజమాన్యం కలిసి లాక్కొచ్చారు, లాభాల్లో పడింది. పడినవాడిని లేపడానికి గడువు ఒక్కటీ చాలదు గానీ, గడువు లేకుండా మాత్రం ఎవరూ లేవరు. గిరిగిరిలో మారటోరియం ఉండదు.

ఉద్యోగం పోయాక వచ్చిన పీఎఫ్ అప్పులకు సరిపోయింది. కొంతకాలం కాంట్రాక్టరు కింద పనిచేశాడు, తను ఒకప్పుడు జీతం తీసుకున్న చోటే, అందులో చిన్న వంతుకు. కొడుకు ఇంటర్ దాటి ఎదిగాడు. గనిలో చనిపోయినా, మెడికల్ అన్‌ఫిట్ అయినా ఇంట్లో ఒకరికి ఉద్యోగం వచ్చే దారి ఉంది. డిస్మిస్ అయినవాడి కొడుక్కి ఏ దారీ లేదు. తాత నుంచి తండ్రికి వచ్చిన కొలువు అక్కడితో తెగింది. తండ్రీకొడుకులు దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కాళ్ళవాపు, ఆయాసం, చివరకు కిడ్నీలు. అరవై చూడకుండానే పోయాడు. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు నలభై వేలకు అటూఇటూ. పోయిన కొలువుల్లో యంత్రాలు మింగినవి ఉన్నాయి, రిటైరైనవి ఉన్నాయి, స్వచ్ఛందంగా వదులుకున్నవి ఉన్నాయి. ఇలా ఒక్కొక్క రోజుగా జారిపోయినవీ ఉన్నాయి.

ఓపెన్ కాస్టులోనో, బాయిలోనో డ్యూటీ చేస్తున్న తమ్ముళ్ళారా, ఈ నెల పే స్లిప్పులో మస్టర్ల గడి ఒకసారి చూసుకోండి. జ్వరమొస్తే ఎంత దూరమైనా డిస్పెన్సరీకి పోయి పేరు రాయించుకోండి. బీపీ మాత్ర తల తిరగడం తగ్గిందని ఆపకండి. మీ ఏటీఎం కార్డు ఇంకొకరి జేబులో ఉంటే, యూనియన్ వాళ్ళను వెంటబెట్టుకునైనా సరే, వచ్చే జీతం పడేలోపు వెనక్కి తెచ్చుకోండి.