పాత డిజిటల్ ఆడియో కన్వర్టర్లు: చరిత్ర, నేటి విలువ

1982 ఆగస్టులో హైదరాబాద్‌లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. అదే ఏడాది అక్టోబరు 1న జపాన్‌లో సోనీ సంస్థ తన తొలి సీడీ ప్లేయర్‌ను అమ్మకానికి పెట్టింది. ఈ రెంటికీ సంబంధం లేదు గాని, ఒక విషయం గమనించాలి. మన దూరవిద్యకు తోడుగా నిలిచినవి రేడియో పాఠాలు, ఆడియో క్యాసెట్లు. ఇప్పటి వికారాబాద్ జిల్లాలోని మోమిన్‌పేట్ వంటి చోట్ల కూడా ఇంటింటి వస్తువు టేప్‌రికార్డరే. తరువాత కొంతకాలం ఎంపీ3 సీడీలు, ఆపై మెమరీ కార్డు ఉన్న ఫోన్లు వచ్చాయి. అందువల్ల తొలి తరం డిజిటల్ కన్వర్టర్లు మనలో చాలామందికి సెకండ్‌హ్యాండ్ సరుకుగానే పరిచయమవుతున్నాయి. వాటిని కొనవచ్చునా అన్నది ప్రశ్న.

కన్వర్టర్ చేసే పని ఏమిటి? గాలిలోని ధ్వని ఎడతెగని అల. దానిని క్షణక్షణానికీ కొలిచి అంకెలుగా రాసుకోవడం ఒక పని. ఆ అంకెలను తిరిగి విద్యుత్ అలగా మార్చడం మరొక పని. సీడీ కోసం సెకనుకు 44,100 కొలతలు, ఒక్కో కొలతకు 16 బిట్లు, అంటే 65,536 మెట్లు నిర్ణయించారు. ఈ 44,100 అనే వింత సంఖ్య ఎక్కడి నుంచి వచ్చింది? ఆనాడు అంత సమాచారాన్ని దాచేందుకు వీడియో టేపును వాడారు. దానిపై గీతకు మూడు కొలతల చొప్పున, 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు: హెచ్చవేస్తే 44,100. మన దేశంలోని టీవీ పద్ధతిలోనూ 3, 294, 50 హెచ్చవేస్తే అదే సంఖ్య వస్తుంది. ఒక కాలపు టేపు యంత్రం పరిమితి నేటికీ మన ఫోన్లలోని పాటల్లో బతికే ఉంది.

తొలి కన్వర్టర్ల కష్టం కచ్చితత్వంలో ఉండేది. 16 బిట్ల విలువలూ ఒకదానికొకటి సరిగ్గా రెట్టింపు కావాలి. ఫిలిప్స్ సంస్థ మొదట 14 బిట్ల చిప్‌నే వాడి, కొలతలను నాలుగు రెట్ల వేగంతో నడిపి లోటును పూడ్చుకుంది. 1985లో వచ్చిన టీడీఏ1541 అనే దాని 16 బిట్ల చిప్‌కు ఇప్పటికీ అభిమానులున్నారు. తరువాతి డెల్టా-సిగ్మా పద్ధతి దారి మార్చింది: మెట్లు తక్కువ, వేగం మాత్రం చాలా ఎక్కువ. అప్పటి నుంచి కన్వర్టర్ చవకబడింది. ఫోన్‌కు తగిలించే వేలెడంత అడాప్టర్‌లో కూడా ఒకటి ఉంటుంది.

ఇక కొనుగోలు సంగతి. చిప్ త్వరగా ముసలిదవదు. దాని చుట్టూ ఉన్న కెపాసిటర్లు ఎండిపోతాయి. జపాన్ మార్కెట్ కోసం చేసిన పెట్టె 100 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. పాత యూఎస్‌బీ కన్వర్టర్ల డ్రైవర్లు కొత్త కంప్యూటర్లలో పనిచేయకపోవచ్చు. ఆప్టికల్ లేదా కోయాక్సియల్ ఇన్‌పుట్ ఉన్నదానికి ఈ బెడద లేదు. కనుక అటువంటిది, కోఠిలో గాని మరెక్కడ గాని, ప్లగ్గు పెట్టి వినిపిస్తేనే, కొత్త చిన్న అడాప్టర్ ధరకు అటూ ఇటూగా దొరికితే తీసుకోవచ్చు. ‘అరుదైన చిప్’ అని పది రెట్లు అడిగితే వదిలేయడమే మంచిది; టీడీఏ1541 పేరుతో నకిలీలు కూడా తిరుగుతున్నాయి. వినికిడిలో తేడా కన్నా పేరు మీద మోజుకే అక్కడ ధర ఎక్కువని నా అభిప్రాయం.

మన ప్రాంతానికి అసలు అవసరం వేరే ఉంది. ఇళ్లలో అటకల మీద ఒగ్గుకథలు, భజనలు, పోయినవారి గొంతులు క్యాసెట్లలో ఉన్నాయి. టేపు ఏటేటా పాడవుతోంది. వాటిని అంకెల్లోకి మార్చేందుకు ఖరీదైన కన్వర్టర్ అక్కరలేదు. మామూలు క్యాసెట్‌లో గొంతుకూ టేపు బుసకూ మధ్య తేడా సుమారు 50, 60 డెసిబెల్స్. 16 బిట్లకు 96 వరకు పట్టే శక్తి ఉంది. లైన్ ఇన్‌పుట్ ఉన్న పాత 16 బిట్ల పరికరమైనా సరిపోతుంది. డబ్బు పెట్టవలసింది డెక్ మీద: కొత్త బెల్టు వేయించాలి, హెడ్‌ను స్పిరిట్‌తో తుడవాలి, దాని కోణాన్ని ఆ క్యాసెట్‌కు సరిచేయాలి. గంట నిడివి క్యాసెట్ స్టీరియోలో సుమారు 635 మెగాబైట్లు అవుతుంది. దానిని ఎంపీ3గా కుదించే ముందు మూల ఫైలును రెండు చోట్ల దాచాలి.