గెలుపోటముల లెక్కలో లేని వాళ్ళం

2018 మే 27 రాత్రి నేను మా తమ్ముడి ఇంట్లో ఉన్నాను. నెల్లూరు జిల్లాలో సముద్రానికి నాలుగు మైళ్ళ దూరంలో ఉంది ఆ ఊరు. చుట్టూ రొయ్యల గుంటలు, రాత్రంతా ఏరేటర్ల మోత. ముందు గదిలో టీవీ ఎదుట పదిమంది మగవాళ్ళు కూర్చున్నారు. చెన్నైకీ హైదరాబాద్‌కీ ఐపీఎల్ ఫైనల్ నడుస్తోంది. నేనూ మా మరదలూ వంటింటి గడప దగ్గర ఉన్నాం. ఆమె మ్యాచ్ చూడటం లేదు, మా తమ్ముడి మొహం చూస్తోంది.

షేన్ వాట్సన్ మొదటి పది బంతుల్లో ఒక్క పరుగూ చెయ్యలేదు. గదిలో చాలామంది నీరసపడ్డారు. మా తమ్ముడి మొహం మాత్రం వెలిగింది. నాకు అర్థం కాలేదు. వాడు చిన్నప్పటినుంచీ మద్రాసు వైపు మనిషి. మా వాళ్ళకి ఆస్పత్రైనా పెళ్ళి బట్టలైనా సినిమా అయినా మద్రాసే. హైదరాబాద్ ఎక్కడో రాత్రంతా రైల్లో పోవాల్సిన ఊరు. ఇంట్లో పసుపు చొక్కా కూడా ఉంది. మరి చెన్నై ఓడిపోతుంటే సంతోషమేమిటి?

"అభిమానం చెన్నై మీద వదినా, పందెం హైదరాబాద్ మీద" అంది మా మరదలు మెల్లగా.

ఆ తర్వాత వాట్సన్ 57 బంతుల్లో 117 పరుగులు చేశాడు. చెన్నై గెలిచింది. గదిలో కేరింతలు. మా తమ్ముడూ అరవాల్సి వచ్చింది, నలుగురిలో పరువు కోసం. మూడోరోజుకి మా మరదలి ఎనిమిది సవర్ల గొలుసు కుదువకి పోయింది. "ఎవురు గెలిచినా ఓడేది నేనే గదా" అంది. ఆ మాట పట్టుకునే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆట చరిత్ర అంటే మనకి స్కోర్లు, కెప్టెన్లు, కప్పులు. దాని కింద ఇంకో చరిత్ర ఉంటుంది. ఆ ఆటకి ఎవరి సొమ్ము పెట్టుబడి అయ్యింది, ఎవరి రాత్రులు ఖర్చయ్యాయి, మైదానంలోకి ఎవరిని రానివ్వలేదు అనే చరిత్ర అది. దాన్ని రాసినవాళ్ళు తక్కువ.

నెల్లూరు జిల్లా పేరు స్త్రీల ఉద్యమ చరిత్రలో 1992 నాటి సారా వ్యతిరేక పోరాటంతో నిలిచిపోయింది. దూబగుంటలో మొదలై ఊరూరా పాకిన ఆ పోరాటానికి అక్షర దీపం రాత్రి బడులు దారి చూపాయి. వాచకంలో చదువుకున్న సీతమ్మ కథ ఆడవాళ్ళకి తమ కథే అనిపించింది. దుకాణాలు మూయించారు, వేలం పాటలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారనుకోండి, అది వేరే దుఃఖం.

అదే జిల్లా ఇరవై అయిదేళ్ళ తర్వాత క్రికెట్ పందేలతో పత్రికలకెక్కింది. 2017లో నెల్లూరు పోలీసులు బుకీలను అరెస్టు చేశారు. రాజకీయ నాయకుల్ని కూడా పిలిచి ప్రశ్నించారు. ఆ వార్తల్లో ఫోన్ల లెక్క, నోట్ల కట్టల లెక్క, పేర్ల లెక్క ఉన్నాయి. గొలుసుల లెక్క ఎక్కడా కనపడలేదు.

ఆట వృత్తిగా మారినచోటల్లా పందెం వెనకాలే వచ్చింది. అమెరికా వాళ్ళ బేస్‌బాల్ చరిత్రలో పెద్ద మచ్చ 1919 నాటిది. సిన్సినాటితో జరిగిన వరల్డ్ సిరీస్‌లో చికాగో వైట్ సాక్స్ ఆటగాళ్ళు జూదగాళ్ళ డబ్బుకి ఓడిపోవడానికి ఒప్పుకున్నారని ఆరోపణ. 1921లో కోర్టు నిర్దోషులంది. అయినా బేస్‌బాల్ కమిషనర్‌గా వచ్చిన జడ్జి లాండిస్ ఎనిమిదిమందిని జీవితాంతం వెలి వేశాడు. మనకి ఆ అనుభవం 2000లో హాన్సీ క్రోనే, అజారుద్దీన్ ఉదంతాలతో వచ్చింది. అజారుద్దీన్‌పై బోర్డు వేసిన నిషేధాన్ని 2012లో హైకోర్టు కొట్టేసింది. 2013లో ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్, బెట్టింగ్ కేసు బయటపడింది. దాని ఫలితంగా చెన్నై, రాజస్థాన్ జట్లు రెండేళ్ళు ఆటకి దూరమయ్యాయి. తిరిగొచ్చిన ఏడాదే, అంటే మా ఇంట్లో గొలుసు పోయిన ఏడాదే, చెన్నై కప్పు గెలిచింది. అభిమానులకి అది పునరాగమన గాథ.

ఇంకో విచిత్రం. ఆ ఫైనల్‌కి పదమూడు రోజుల ముందు, 2018 మే 14న, అమెరికా సుప్రీంకోర్టు క్రీడా పందేలను దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ కట్టడి చేసిన ఫెడరల్ చట్టాన్ని కొట్టేసింది. ఆ తర్వాత అక్కడ చాలా రాష్ట్రాల్లో పందెం చట్టబద్ధమైన వ్యాపారమైంది. ఇక్కడ అది నేరంగానే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టం సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అప్పటిదాకా భారత జట్టు చొక్కామీద ఉన్నది అలాంటి ఒక ఆప్ పేరే. మగపిల్లలు ఆరాధించే గుండెల మీద ఆ పేరు రాసి ఉంటే, ఇంట్లో ఆడవాళ్ళు వద్దంటే ఎవరు వింటారు?

వృత్తి క్రీడలో స్త్రీలకి చోటు దొరికినప్పుడు కూడా అది ఎవరి షరతుల మీద దొరికిందో చూడాలి. రెండో ప్రపంచ యుద్ధంలో మగ ఆటగాళ్ళు సైన్యానికి పోతే, 1943లో అమెరికాలో స్త్రీల ప్రొఫెషనల్ బేస్‌బాల్ లీగ్ పెట్టారు. పెట్టినవాడు చూయింగ్ గమ్ వ్యాపారి ఫిలిప్ రిగ్లీ. ఆ అమ్మాయిలు పొట్టి స్కర్టులతో నేలమీద జారుతూ ఆడాలి. కాళ్ళు గీరుకుపోయేవి. మొదట్లో వాళ్ళకి మర్యాదలు, అలంకరణ నేర్పే తరగతులు కూడా పెట్టారు. ఆట రావడం చాలదు, 'ఆడదానిలా' కనపడాలి. 1948లో తొమ్మిది లక్షలమందికి పైగా ప్రేక్షకులు వచ్చారు. 1954లో లీగ్ మూతబడింది. నల్లజాతి స్త్రీలకి అందులో ప్రవేశమే లేదు. టోనీ స్టోన్ 1953లో నీగ్రో లీగ్‌లో మగవాళ్ళతో కలిసి ఆడవలసి వచ్చింది. జెండర్ ఒక్కటే తలుపు కాదు, దాని వెనక ఇంకో తలుపుంటుందని ఆమె జీవితం చెబుతుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. భారత మహిళా క్రికెట్ సంఘం 1973లో లక్నోలో పుట్టింది. 1978లో మహిళల ప్రపంచకప్ మన దేశంలో జరిగింది. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ జట్ల ఆఖరి పోటీ జనవరి 13న హైదరాబాద్‌లోనే. అప్పుడు నేను పదో తరగతి. మా స్కూల్లో మగపిల్లలకి బ్యాటూ బంతీ, మాకు తాడాట. మన రాష్ట్ర రాజధానిలో ఆడవాళ్ళు ప్రపంచకప్ ఆడుతున్నారని మాకు ఒక్కరూ చెప్పలేదు. ఈ సంగతి నాకు నలభై ఏళ్ళు దాటాక తెలిసింది. ఆ రోజే తెలిసి ఉంటే నేను క్రికెటర్‌ని అయ్యేదాన్నని కాదు. తాడు పక్కన పెట్టి బంతి అడిగేదాన్నేమో!

హైదరాబాద్ నుంచి పూర్ణిమా రావు వచ్చింది, దేశానికి కెప్టెన్ అయ్యింది. మిథాలీ రాజ్ వచ్చింది. 1999లో పదహారేళ్ళ వయసులో తొలి వన్డేలోనే సెంచరీ, 2002లో టెస్టులో 214. 2005 ప్రపంచకప్‌లో ఫైనల్ దాకా వెళితే మ్యాచ్‌కి వెయ్యి రూపాయలు ఇచ్చారని తర్వాత ఆమే చెప్పింది. రిజర్వేషన్ లేని రైలు పెట్టెలు, డార్మిటరీల్లో నేలమీద పడకలు ఆ తరం ఆటగత్తెలకి మామూలు. 2006లో గానీ స్త్రీల సంఘం బీసీసీఐలో కలవలేదు. 2017లో ఒక విలేకరి ఆమెని మీకిష్టమైన పురుష క్రికెటర్ ఎవరని అడిగాడు. మగవాళ్ళని ఇష్టమైన మహిళా క్రికెటర్ ఎవరని అడుగుతారా అని ఆమె తిప్పికొట్టింది. సమాన మ్యాచ్ ఫీజు ప్రకటన 2022లో వచ్చింది. 2023లో మహిళల లీగ్ జట్లు అయిదింటిని సుమారు 4,670 కోట్లకి అమ్మారు. వెయ్యి రూపాయల నుంచి ఇక్కడికి పద్దెనిమిదేళ్ళు.

మరి మధ్యలో ప్రేక్షకురాలి సంగతి? 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు ఆ మైదానంలో స్త్రీకి ఇచ్చిన పాత్ర చీర్‌లీడర్. మన సంస్కృతి పాడవుతోందని నాయకులు గోలపెట్టారు. ఆ పిల్లల పని పరిస్థితుల గురించి, వాళ్ళు పడే మాటల గురించి ఎవరూ గోలపెట్టలేదు. 2025 జూన్ 4న బెంగళూరులో విజయోత్సవానికి వచ్చి తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. అందులో ఆడపిల్లలూ ఉన్నారు. అభిమానం మీద కోట్లు సంపాదించే వ్యవస్థ ఆ అభిమానికి ఒక తెరిచిన గేటు చూపించలేకపోయింది.

మా మరదలు నన్నొకసారి అడిగింది: "సారాకొట్టుకి తాళం ఏశాం గదా వదినా, దీనికెందుకు ఏయలేకపోయాం?" 1992లో ఆమె కూడా ఆ గుంపులో ఉంది, చంకలో బిడ్డతో.

నేను చాలారోజులు ఆలోచించాను. సారాకొట్టు ఊరి మధ్యలో ఉండేది, అమ్మేవాడు కనపడేవాడు. తాగినవాడు వీధిలో పడేవాడు కాబట్టి దుఃఖం అందరికీ తెలిసేది. పందెం జేబులో ఉంటుంది. ఓడినవాడు తూలడు, బాగా చదువుకున్నవాడిలా ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. గుంటలో వైట్‌స్పాట్ వచ్చి రొయ్య పోయిందని చెబితే ఊరు నమ్ముతుంది. భార్య కూడా పరువు కోసం అదే చెబుతుంది. మా మరదలూ అదే చెప్పింది, నాకు తప్ప. ఆనాడు రాత్రి బడి ఒకరి కష్టం ఒకరికి వినిపించే చోటు. ఈనాడు పొదుపు సంఘం సమావేశంలో కంతు గురించి మాట్లాడతారు గానీ, ఆ అప్పు ఎందుకు చెయ్యాల్సి వచ్చిందో మాట్లాడరు. చట్టం రెండుసార్లు వచ్చింది. చట్టం కింద నిలబడే ఆ గుంపే రాలేదు.

2025 నవంబరు 2 రాత్రి మళ్ళీ ఆ ఇంట్లోనే ఉన్నాను. మహిళల ప్రపంచకప్ ఫైనల్. ఈసారి మా మరదలు గడప దాటి టీవీ ముందు కుర్చీలో కూర్చుంది. మన పక్క కడప జిల్లా పిల్ల శ్రీచరణి బంతి వేస్తుంటే, "ఆ పాప మాటా మన మాట మాదిరే ఉంటదా?" అని అడిగింది. దక్షిణాఫ్రికా మీద 52 పరుగులతో గెలిచాం. ఆ టోర్నీలో శ్రీచరణికి 14 వికెట్లు. మా మరదలు చప్పట్లు కొట్టింది. ఆమె ఒక ఆట చివరిదాకా చూడగా నేను చూడటం అదే మొదటిసారి.

మ్యాచ్ అయ్యాక పళ్ళేలు సర్దుతూ ఆగింది.

"వదినా, ఈ పిల్లోళ్ళ ఆటమీద కూడా కాస్తారా?"

"కాస్తారు" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రేపు సంఘంలో చెప్తా, ఆ గొలుసు సంగతి" అంది.