జీరంగి వేరు.. మామిడిని తొలిచే పురుగు వేరు

బాపులపాడు: తొలకరి జల్లులు కురిసిన తరువాత తుమ్మచెట్లపై పచ్చగా మెరుస్తూ కనిపించే జీరంగి పల్లె పిల్లలకు చిరపరిచితం. అగ్గిపెట్టెలో దాచడం, కాలికి దారం కట్టి ఎగురవేయడం తరతరాల ఆట. బాపులపాడు, నూజివీడు పరిసరాల వంటి మామిడి సీమలో దీనిని కాండం తొలిచే పురుగుగా పొరబడి చంపే ప్రమాదం ఉంది. ఈ రెండింటికీ పోలికే లేదు.

రూపం ఇలా..
జీరంగులు బుప్రెస్టిడే కుటుంబానికి చెందినవి. ప్రపంచవ్యాప్తంగా ఈ కుటుంబంలో సుమారు 15 వేల జాతులున్నాయి. మన ప్రాంతానికి సంబంధించిన వాటిలో స్టెర్నోసెరా స్టెర్నికార్నిస్ ముఖ్యమైనది. లిన్నేయస్ 1758లో దీనిని వర్ణించారు. పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. దేహం పచ్చని లోహకాంతితో మెరుస్తుంది. రెక్కల డిప్పలపై లేత రంగు గుంటలు కనిపిస్తాయి. దీని దగ్గరి బంధువైన స్టెర్నోసెరా క్రైసిస్‌కు మెడ భాగం పచ్చగానూ, రెక్కల డిప్పలు ఎర్రని గోధుమ వర్ణంలోనూ ఉంటాయి.

ఎక్కడెక్కడ?
ఈ రెండు జాతులూ భారతదేశంలోనూ, శ్రీలంకలోనూ విస్తరించి ఉన్నాయి. వానకాలంలో బయటకు వచ్చే పెద్ద పురుగులు తుమ్మ వంటి చెట్ల ఆకులను తిని, కొద్ది వారాలే జీవిస్తాయి. గుడ్లను నేలలో పెడతాయి. పిల్లపురుగులు మట్టిలోనే ఉండి వేళ్లను తింటూ పెరుగుతాయి. తుమ్మచెట్లు, దున్నని గట్లు కనుమరుగైతే జీరంగికి ఆహారం, ఆవాసం రెండూ కరవవుతాయి.

వన్నె తరగని రెక్కలు
జీరంగి మెరుపు రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు. డిప్పలోని అతి సన్నని పొరలు కాంతిని పరావర్తనం చేయడం వల్ల ఏర్పడుతుంది. అందుకే పురుగు చనిపోయినా వన్నె తగ్గదు. పూర్వం ఈ డిప్పలను మన దేశంలో వస్త్రాలపై కుట్టేవారు. లేడీ మాక్‌బెత్ పాత్రకు నటి ఎలెన్ టెర్రీ 1888లో లండన్‌లో ధరించిన దుస్తులు సైతం ఇటువంటి డిప్పలతో అలంకరించినవే.

అసలు శత్రువు..
మామిడి కాండాన్ని ప్రధానంగా తొలిచేది బాటోసెరా రుఫోమాక్యులేటా. ఇది బూడిద రంగులో ఉండి, పొడవాటి మీసాలు కలిగి ఉంటుంది. దీని పిల్లపురుగు కాండంలో సొరంగాలు చేయగా రంధ్రాల నుంచి రంపపు పొట్టు రాలుతుంది, కొమ్మలు ఎండిపోతాయి. రంధ్రంలోకి ఇనుప తీగ చొప్పించి పురుగును తీసివేయాలి. కిరోసిన్‌లో ముంచిన దూదిని లోపల ఉంచి బంకమట్టితో మూయాలి. ఎండిన కొమ్మలను కోసి కాల్చివేయాలి.

జీరంగి కుటుంబంలోనూ బెలియోనోటా ప్రాసినా వంటి కొన్ని జాతుల పిల్లపురుగులు మామిడి కలపను తొలుస్తాయి. అయితే తుమ్మచెట్టుపై వాలే పెద్ద జీరంగి ఆ కోవలోనిది కాదు. రైతులు మెరుపును కాక, మానుపై రంధ్రాన్నీ, మొదట్లో రాలిన పొట్టునూ గమనించడం మేలు.