బతికుండగా గుండెను తూచిన కథ

టూడీ ఎకో రిపోర్టు చేతికి రాగానే మన ఇళ్లలో అందరూ వెతికేది ఈఎఫ్ (ప్రతి స్పందనలో ఎడమ జఠరిక బయటికి తోసే రక్తపు శాతం) అంకెనే. అది అరవై దగ్గర ఉంటే గుండె బాగుందని ఊపిరి పీల్చుకుంటారు. బీపీ ఏళ్ల తరబడి అదుపు తప్పినవాళ్ల రిపోర్టులో దానితో పాటు ఇంకో మాట కూడా ఉంటుంది: కన్సెంట్రిక్ ఎల్‌వీహెచ్. ఎడమ జఠరిక గోడ చుట్టూతా మందమెక్కిందని అర్థం. ఈఎఫ్ నిక్షేపంగా ఉన్నా ఈ మాట ఉంటే గుండె బాగున్నట్టు కాదు. ఆ మందాన్ని మనిషి ప్రాణాలతో ఉండగా నమ్మకంగా కొలవడానికి వైద్యానికి దాదాపు నూట నలభై ఏళ్లు పట్టింది.

లెక్క 1836 నుంచి మొదలుపెట్టాలి. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ మూత్రపిండాల జబ్బుతో చనిపోయినవారి శవపరీక్షలు చేస్తూ ఒక విషయం పట్టుకున్నాడు. వాళ్లలో చాలామందికి కవాటాల్లో ఏ లోపమూ లేకపోయినా గుండె పెరిగి ఉంది, ముఖ్యంగా ఎడమ జఠరిక. రక్తం గుణం మారి, సన్నని నాళాల్లోంచి దాన్ని తోయడానికి గుండె ఎక్కువ శ్రమ పడాల్సి వచ్చిందేమోనని ఊహించాడు. బీపీ అనే మాటే రోగి మంచం దగ్గరకు రాని కాలమది. చేతికి చుట్టే పట్టీని ఇటలీలో రివారోచి 1896లో తయారుచేశాడు. స్టెతస్కోపుతో చప్పుడు వింటూ పై అంకె, కింది అంకె చదివే పద్ధతిని రష్యాలో కొరొట్కాఫ్ 1905లో చెప్పాడు. అంటే రోగిలో ఒత్తిడిని కొలవడం రాకముందే అది చేసిన నష్టాన్ని బ్రైట్ కళ్లారా చూశాడు. కాకపోతే రోగి పోయాక చూశాడు.

గోడ ఎందుకు మందమవుతుంది? ఎదురు ఒత్తిడి పెరిగితే ప్రతి స్పందనలోనూ గోడ మీద పడే బిగువు పెరుగుతుంది. కండ మందమైతే ఆ భారం పెరిగిన మందం మీద పంచుకుపోతుంది. మొదట్లో అది ఆదుకునే ఏర్పాటే. కానీ మందమైన గోడ బిరుసెక్కుతుంది, ముడుచుకున్నంత తేలిగ్గా విప్పారదు. దాంట్లోకి రక్తం నింపడానికి ఎడమ కర్ణిక ఒత్తిడి పెంచి పెంచి తానే సాగిపోతుంది. ఆ ఒత్తిడి ఊపిరితిత్తుల దాకా వెనక్కి తంతుంది. ఈఎఫ్ అరవై ఉన్న మనిషి రెండు అంతస్తుల మెట్లెక్కితే ఆయాసపడేది అందుకే. పెరిగిన కండకు తగినంత సన్న నాళాలు పెరగవు. కణాల మధ్య పీచు పేరుకుంటుంది. చివరికి కొందరిలో గోడ అలసిపోయి గుండె సాగుతుంది, ఈఎఫ్ కూడా పడిపోతుంది.

ఈ నష్టం ప్రపంచంలోనే అత్యంత శక్తిమంతుడైన మనిషి గుండెలో జరుగుతున్నా వైద్యులు నిస్సహాయంగా చూడాల్సి వచ్చింది. 1944 మార్చిలో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ను బెథెస్డా నౌకాదళ ఆసుపత్రిలో గుండె వైద్యుడు హోవర్డ్ బ్రూయెన్ పరీక్షించాడు. బీపీ 186/108. ఎక్స్‌రేలో గుండె నీడ పెరిగి ఉంది. గుండె నీరసించిన లక్షణాలున్నాయి. నిజానికి 1941లోనే ఆయన బీపీ 188/105 ఉంది. బ్రూయెన్ డిజిటాలిస్ ఇచ్చాడు, ఉప్పు తగ్గించమన్నాడు, విశ్రాంతి తీసుకోమన్నాడు. చేతిలో అంతకు మించి పెద్దగా ఏమీ లేదు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లి రూజ్‌వెల్ట్ పోయాడు. ఆ మధ్యాహ్నం బ్రూయెన్ చూసిన బీపీ 300/190. ఈ వివరాలన్నీ ఆ వైద్యుడే 1970లో ఒక వైద్య పత్రికలో రాసేదాకా లోకానికి తెలియలేదు.

బ్రూయెన్ దగ్గర ఉన్న ఎక్స్‌రే గుండె నీడను మాత్రమే చూపగలదు. గోడ లోపలి వైపుకు మందమైతే నీడ పెద్దగా మారదు. ఈసీజీలో ఎడమ జఠరిక పెరుగుదలను పట్టే కొలతను సోకొలోవ్, లయాన్ 1949లో ప్రతిపాదించారు. రెండు లీడ్లలోని గీతల ఎత్తు కలిపి 35 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలన్నారు. ఆ కొలత ఇప్పటికీ వాడుకలో ఉంది. చవక, ఊరి ఆసుపత్రిలోనూ దొరుకుతుంది. అయితే గోడ మందమైన చాలామందిలో ఈసీజీ మామూలుగానే ఉండిపోతుంది.

అసలు మలుపు స్వీడన్‌లోని లుండ్‌లో వచ్చింది. అక్కడి గుండె వైద్యుడు ఇంగే ఎడ్లర్‌కు బీపీతో పని లేదు. ఎడమ కర్ణికకూ జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ కవాటం ఎంత ఇరుకైందో ఆపరేషన్‌కు ముందే తెలుసుకోవాలన్నది ఆయన ఆరాటం. భౌతికశాస్త్రం చదివిన కార్ల్ హెల్ముట్ హెర్ట్జ్‌ను అడిగాడు. లోహంలో పగుళ్లు కనిపెట్టే అల్ట్రాసౌండ్ యంత్రం మాల్మో ఓడల కర్మాగారంలో ఉందని హెర్ట్జ్‌కు తెలుసు. దాన్ని తన ఛాతీ మీదే పెట్టుకుని చూస్తే, గుండె కొట్టుకున్నప్పుడల్లా తెర మీద ఒక ప్రతిధ్వని కదిలింది. నోబెల్ పొందిన ఆయన తండ్రి గుస్టావ్ ఒకప్పుడు సీమెన్స్ పరిశోధనశాలకు అధిపతి. ఆ పరిచయంతో సీమెన్స్ ఒక యంత్రాన్ని అరువిచ్చింది. 1953 అక్టోబరు 29న ఇద్దరూ కలిసి కదిలే గుండె ప్రతిధ్వనులను మొదటిసారి నమోదు చేశారు.

తెర మీద గీతలైతే వచ్చాయి. ఏ గీత గుండెలో ఏ భాగానిది? ఇక్కడ ఎడ్లర్ చేసిన పని తలచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది, గౌరవమూ కలుగుతుంది. మరణానికి చేరువైన రోగుల ఛాతీ మీద అల్ట్రాసౌండ్ వెళ్లిన చోటునూ దిక్కునూ గుర్తుపెట్టుకునేవాడు. వాళ్లు పోయాక అదే దారిలో మంచు పగలగొట్టే సువ్వ దించి, అది ఏ భాగాన్ని తాకిందో చూసేవాడు. కర్ణిక గోడ అనుకున్న గీత నిజానికి మైట్రల్ కవాటపు రెక్క అని అలా తేలింది.

అమెరికాలో ఎకో అనే ఈ విద్యను పదిమందికీ నేర్పినవాడు ఇండియానాకు చెందిన హార్వే ఫైగెన్‌బామ్. ఆ తర్వాత గుండె అడ్డుకోత బొమ్మగా కనిపించే యంత్రాలు వచ్చాయి (మనం టూడీ అనేది దీన్నే). రక్తం పారే వేగాన్ని పట్టే డాప్లర్ వచ్చింది. బీపీ కథకు అవసరమైన పని మాత్రం ఇంతకంటే నిదానంగా, ఓపికగా జరిగింది. 1977లో రిచర్డ్ డెవెరూ, నథానియల్ రైచెక్ 34 మందికి బతికి ఉండగా తీసిన ఎకోలను, మరణానంతరం తూచిన అదే జఠరికల బరువుతో పోల్చారు. గోడల మందం, లోపలి వెడల్పు తెలిస్తే కండ ఘనపరిమాణం తేలుతుంది; దాన్ని కండ సాంద్రత 1.04తో గుణిస్తే గ్రాములు వస్తాయి. ఏ కొలతను ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకుంటే తూకంతో సరిపోతుందో వాళ్లు తేల్చారు. 1986లో ఆ సూత్రాన్ని మళ్లీ శవపరీక్షలతో సరిచూసి దిద్దారు. ఈనాడు హైదరాబాదులోనో, గుంటూరులోనో ఎకో యంత్రం లెక్కగట్టి చూపే ఎల్‌వీ మాస్ (ఎడమ జఠరిక కండ బరువు) ఈ పని నుంచి వచ్చిందే. తమ గుండెలతో ఆ కొలబద్ద నిలబెట్టినవారి పేర్లు ఎక్కడా లేవు.

బరువు తెలిస్తే ఏం లాభం? మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్ పరిశోధకులు గుండెజబ్బు లేని 3,220 మందిని ఎకో తీసి నాలుగేళ్లు గమనించారు. జఠరిక బరువు పెరిగినవారిలో గుండెజబ్బులూ మరణాలూ ఎక్కువని, బీపీ వంటి ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలిచే ఉందని 1990లో ప్రకటించారు. బీపీ పట్టీ చూపేది ఆ నిమిషపు ఒత్తిడి. గోడ చూపేది ఏళ్ల ఒత్తిడి. బీపీ 200/120తో వచ్చిన మనిషి గుండె గోడ మందమెక్కి, ఎడమ కర్ణిక సాగి ఉంటే అది నిన్నా మొన్నా మొదలైంది కాదని వైద్యుడికి తెలుస్తుంది. గోడ మామూలుగా ఉంటే ఈమధ్యే పెరిగిందా, దానికి వేరే కారణముందా అని వెతకాల్సి వస్తుంది.

మందమైన ప్రతి గోడా బీపీ వల్లే కాదు. వంశపారంపర్యంగా వచ్చే కండ జబ్బులు, గోడలో చేరే అమిలాయిడ్ అనే ప్రోటీన్ కూడా అలాగే కనిపిస్తాయి. వాటిని విడదీయడానికి, కణాల మధ్య పీచు ఎంత పేరుకుందో చూడడానికి ఎంఆర్ఐ పనికొస్తుంది. స్ట్రెయిన్ అనే కొత్త ఎకో కొలత ఈఎఫ్ పడిపోకముందే కండ పొడవునా కుదించుకునే బలం తగ్గిందని చెప్పగలదు.

రూజ్‌వెల్ట్‌కు దొరకనిది ఇప్పుడు మనకుంది: మందులు. ఈసీజీలో ఎల్‌వీహెచ్ కనిపించిన బీపీ రోగుల మీద జరిగిన 'లైఫ్' పరీక్షలో 941 మందికి ఏటేటా ఎకోలు తీశారు. చికిత్సతో జఠరిక బరువు తగ్గినవారిలో గుండెపోట్లు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి చూస్తే తక్కువని 2004లో తేలింది. ఎక్కిన మందం తగ్గుతుంది. కాబట్టి ఎకో రిపోర్టులో గోడ మందం, ఎల్‌వీ మాస్, ఎడమ కర్ణిక కొలతలు ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే అడగండి. పాత రిపోర్టు పారేయకండి. వచ్చే ఏడాది కొత్తదాని పక్కన పెట్టి చూడాల్సింది దాన్నే.