రాష్ట్రపతి పదవికి ఎవరిని నిలపవలె?

1969వ సంవత్సరం ఆగస్టు 20వ తేదీన మా మండపేటలో ఒక ధాన్యం కొట్టు అరుగుమీద, రేడియో చుట్టూ పదిహేను ఇరవైమంది చేరినారట. మా పెదనాన్నగారు ఈ సంగతి మాకు అనేక పర్యాయాలు చెప్పినారు. రాష్ట్రపతి ఎన్నికలో వరాహగిరి వేంకటగిరిగారికి అందరికంటె ఎక్కువ ఓట్లు వచ్చినవని తెలిసినది. కాని ఆయన గెలిచినారన్న మాట మాత్రం వెంటనే వినరాలేదు. “ఎక్కువ ఓట్లు వచ్చినవారు గెలవకపోవటమేమిటండీ?” అని ఒకరు అడిగినారు. “స్వతంత్ర పార్టీవారు సంజీవరెడ్డిగారికి సూటిగా ఓటు వేసి ఉంటే ఈ తిరకాసే లేకపోయెను” అని మరొకరు అందుకొన్నారు. కొట్టు యజమాని స్వతంత్ర పార్టీ అభిమాని. “మా అభ్యర్థి మాకుండగా పరాయివారికి ఎందుకు వేయవలెనయ్యా?” అని ఆయన జవాబు. దీపాలు పెట్టినవరకు వాదం నడిచినదట, తేలలేదట.

ఆ అరుగుమీద తేలని ప్రశ్న చిన్నది కాదు. ఉన్న వ్యవస్థలను కాపాడటమే తన ధర్మమని చెప్పుకొనే మితవాద పక్షం ఒకటి, దేశంలోని అత్యున్నత పీఠానికి ఎటువంటి వ్యక్తిని నిలపవలె? తన సిద్ధాంతానికి ప్రతిరూపమైనవానినా, గెలువగలవానినా, తన మాటను నిలబెట్టి ఓడిపోగల సొంత మనిషినా? ఈ ప్రశ్న స్వతంత్ర పార్టీకి రెండేళ్ల వ్యవధిలో రెండుసార్లు ఎదురైనది. రెండు పర్యాయాలూ ఆ కథలోని ముఖ్యపాత్రలు మన తెలుగువారివి కావటం విశేషం.

స్వతంత్ర పార్టీ 1959లో పుట్టినది. ఆ సంవత్సరం జనవరిలో నాగపురంలో జరిగిన కాంగ్రెసు మహాసభ భూపరిమితులను, సహకార పద్ధతిపై ఉమ్మడి వ్యవసాయాన్ని కోరుతూ తీర్మానం చేసినది. సొంత చెక్కను సొంత అరకతో దున్నుకొనే రైతుకు ఆ తీర్మానం దిగులు కలిగించినది. రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా కాంగ్రెసును వీడి, రాజాజీ, మినూ మసానీ ప్రభృతులతో కలిసి కొత్త పక్షాన్ని స్థాపించినారు. నిడుబ్రోలు బిడ్డ అయిన రంగాగారే దానికి తొలి అధ్యక్షులు. వ్యక్తి ఆస్తిహక్కు, ప్రాథమిక హక్కులు, ప్రభుత్వ పెత్తనానికి హద్దు: ఇవి ఆ పక్షం మూలసూత్రాలు. పర్మిట్లు, లైసెన్సులు, కోటాలు ఏలే రాజ్యమని నాటి పాలనను రాజాజీ ఎత్తిపొడిచినారు. గోదావరి, కృష్ణా డెల్టాలలో భూమి ఉన్న ఇంట ఆ మాటలకు చెవి ఒగ్గినవారు తక్కువ కాదు. 1967 ఎన్నికలలో ఆ పక్షానికి లోక్‌సభలో 44 స్థానాలు, మన శాసనసభలోని 287లో 29 స్థానాలు లభించినవి. లోక్‌సభలో అదే పెద్ద ప్రతిపక్షం.

అయినను రాష్ట్రపతిని ఎన్నుకొనుటకు ఆ బలం ఎంత? ఈ ఎన్నికలో ఓటర్లు పార్లమెంటు ఉభయసభలకు, రాష్ట్ర శాసనసభలకు ఎన్నికైన సభ్యులు. ఒక్కొక్క సభ్యుని ఓటుకు జనాభాననుసరించి ఒక విలువ కడతారు. ఆనాడు పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576, మన రాష్ట్ర శాసనసభ్యునిది 125. 44 మంది లోక్‌సభ సభ్యుల ఓట్లన్నీ కలిపినా 25,344 మాత్రమే. గెలుపునకు కావలసినవి నాలుగు లక్షల పైచిలుకు. కాబట్టి ఆ పక్షం ఎవరిని నిలిపినా, ఇతర పక్షాల మనసును కూడ గెలువగలవాడై ఉండవలె.

అటువంటి వ్యక్తి 1967లో దొరికినారు. ఆయన కోకా సుబ్బారావుగారు. రాజమహేంద్రవరంలో 1902లో పుట్టి, అక్కడే చదివి, మద్రాసులో న్యాయశాస్త్రం అభ్యసించి, 1954లో ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయినారు. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి పీఠమెక్కినారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో ఆయన నాయకత్వాన వెలువడిన తీర్పు దేశాన్ని కుదిపినది. పంజాబులోని ఒక కుటుంబం భూమిపై పుట్టిన ఆ వ్యాజ్యంలో, ప్రాథమిక హక్కులను హరించే సవరణలు చేయుటకు పార్లమెంటుకు అధికారం లేదని ఆరుగురు న్యాయమూర్తులు ఒకవైపు, కలదని ఐదుగురు మరొకవైపు నిలిచినారు. స్వతంత్ర పార్టీ ఎనిమిదేళ్లుగా సభలలో చెప్పుతున్న మాటకు న్యాయస్థానం ముద్ర పడినట్లయినది.

సుబ్బారావుగారు ఏప్రిల్ 11న పదవికి రాజీనామా ఇచ్చి, స్వతంత్ర, జనసంఘం మొదలైన ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలిచినారు. తీర్పుకు, రాజీనామాకు మధ్య గడచినవి ఆరు వారాలు. ఆయన సహజంగా పదవీవిరమణ చేయుటకు ఇక మిగిలినవి మూడు నెలలు.

ఇక్కడ రెండు వాదాలు నిలబడతవి. రెండింటిలోను బలమున్నది. రాజ్యాంగానికి కావలి కాసేవాడే రాష్ట్రపతి కావలెనన్నప్పుడు, రాజ్యాంగం తెలిసిన న్యాయమూర్తిని మించిన అర్హుడెవరు? ఆయన ఏ పక్షపు సభ్యుడూ కాదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా చేసినవారు తరువాత న్యాయవాద వృత్తి చేయరాదని రాజ్యాంగం చెప్పినదే గాని, ఎన్నికలలో నిలువరాదని చెప్పలేదు. ఇది ఒక వాదం. రెండవ వాదం ఇంకొక వైపు చూపుతుంది. న్యాయమూర్తి తీర్పుపై ప్రజలకు గౌరవం కలుగుటకు కారణం, ఆ తీర్పువలన ఆయనకు రావలసినది ఏదీ లేదన్న నమ్మకం. నేడు తీర్పు, రేపు అభ్యర్థిత్వం అయినచో, ఎంత నిష్కల్మషుడైనను లోకం ఆ రెండింటికీ ముడిపెట్టక మానదు. సుబ్బారావుగారి చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు. ఆ పీఠంమీద పడిన నీడను మాత్రం కాదనలేము. న్యాయస్థాన స్వాతంత్ర్యమే ఊపిరి అని చెప్పే పక్షం, న్యాయస్థానపు తొలి ఆసనంలో కూర్చున్నవారినే పోటీకి పిలుచుట ఆ స్వాతంత్ర్యానికి మేలా?

మే 6న ఓటింగు జరిగినది. కాంగ్రెసు అభ్యర్థి, అప్పటి ఉపరాష్ట్రపతి, విద్యావేత్త డాక్టర్ జాకీర్ హుస్సేన్‌గారికి 4,71,244, సుబ్బారావుగారికి 3,63,971 ఓట్లు వచ్చినవి. ఓటమియే అయినను సామాన్యమైనది కాదు. అంతకుముందు జరిగిన మూడు ఎన్నికలలో ఓడిన అభ్యర్థికి దక్కిన అత్యధిక సంఖ్య 92,827 మాత్రమే. రాష్ట్రపతి ఎన్నిక నిజమైన పోటీ కాగలదని దేశం మొదటిసారి చూచినది.

రెండేళ్లు తిరుగకుండానే, 1969 మే 3న జాకీర్ హుస్సేన్‌గారు పదవిలో ఉండగా కాలధర్మం చెందినారు. ఈసారి కలహం కాంగ్రెసులోనే మొదలైనది. జూలైలో బెంగుళూరులో కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు సమావేశమైనప్పుడు ప్రధాని ఇందిరాగాంధీ జగ్జీవన్ రామ్‌గారి పేరు సూచించినారు. సిండికేట్ అని పేరుపడిన పెద్దల పట్టుతో బోర్డు మెజారిటీ నీలం సంజీవరెడ్డిగారిని ఎంచినది. అనంతపురం జిల్లా ఇల్లూరువారు, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, అప్పటికి లోక్‌సభ స్పీకరు. 1967లో స్పీకరు కాగానే ఆ ఆసనపు నిష్పక్షపాతం కొరకు పార్టీ సభ్యత్వాన్ని సైతం వదలుకొన్నవారు ఆయన. ఇప్పుడు స్పీకరు పదవికి రాజీనామా ఇచ్చి ఆ పార్టీ అభ్యర్థియే అయినారు. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న గిరిగారు కూడ రాజీనామా ఇచ్చి, స్వతంత్ర అభ్యర్థిగా బరిలోకి దిగినారు. జూలై 19న పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ జరిగినది. దానితో ఈ ఎన్నిక వ్యక్తుల పోటీ దాటి మార్గాల పోటీ అయినది.

స్వతంత్ర పార్టీకి మళ్లీ పాత ప్రశ్నే. గిరిగారు కార్మికోద్యమం నుండి వచ్చినవారు; వామపక్షాలు ఆయన వెంట ఉన్నవి. సంజీవరెడ్డిగారు కాంగ్రెసువారే అయినను, బ్యాంకుల జాతీయీకరణను మెచ్చని పెద్దల అభ్యర్థి. ఆయనను బాహాటంగా బలపరచుటయా, సొంత అభ్యర్థిని నిలుపుటయా? జనసంఘంతో కలిసి ఆ పక్షం చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌గారిని నిలిపినది. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, కేంద్ర ఆర్థికమంత్రిగా ఉండి బొంబాయి విషయంలో 1956లో రాజీనామా చేసిన ఆత్మాభిమాని. రాజమహేంద్రవరం ఆడపడుచు దుర్గాబాయిగారి భర్తగా మనకు అల్లుడు. యోగ్యతలో ఆయనకు వంక పెట్టలేరు. కాని గెలుపు ఆశ లేదు. అందువలన మొదటి ప్రాధాన్యం దేశ్‌ముఖ్‌గారికి, రెండవది సంజీవరెడ్డిగారికి అన్న ఏర్పాటు జరిగినది.

ధాన్యం కొట్టు అరుగుమీద పుట్టిన చిక్కు ఇదే. పంచాయతీ ఎన్నికలో వలె ఇక్కడ ఒక్క గుర్తు పెట్టి ఊరుకొనరు. ఓటరు అభ్యర్థుల పేర్లకు ఎదురుగా 1, 2, 3 అని తన ఇష్టక్రమం వ్రాయవలె. మొదటి లెక్కలో ఎవరికీ సగానికి మించి రానప్పుడు, అందరికంటె తక్కువ వచ్చినవారిని క్రమంగా తొలగించి, ఆ ఓటర్లు తరువాత ఎవరిని కోరినారో వారికి ఆ ఓట్లు చేర్చుతారు. ఆ సంవత్సరం గెలుపునకు కావలసినవి 4,18,169. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769. బరిలో ఇంకను పన్నెండుమంది ఉన్నారు. వారి ఓట్లు స్వల్పం. తొలగింపులు ముగిసేసరికి గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427. తేడా 14,650.

దేశ్‌ముఖ్‌గారి ఓట్లన్నీ సంజీవరెడ్డిగారికే చేరి ఉంటే 4,26,317 అయి ఆయన గెలిచేవారు. అన్నీ చేరలేదు. ఎక్కువ భాగం చేరినవి, కొన్ని గిరిగారికి పోయినవి, మరికొన్ని ఎవరికీ చెందక ఆగిపోయినవి. మొదటి గుర్తును ఆజ్ఞాపించగలిగిన పార్టీ రెండవ గుర్తును అంత నిక్కచ్చిగా ఆజ్ఞాపించలేదు. ఓటు రహస్యమైనప్పుడు అసలే కాదు.

ఇంతకంటె పెద్ద నష్టం లెక్కకు వెలుపల జరిగినది. రెండవ ప్రాధాన్యం కొరకు కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్పగారు స్వతంత్ర, జనసంఘం నాయకులను కలిసినారు. మితవాదులతో మంతనాలు జరుగుతున్నవని ప్రధాని పక్షంవారు ఆరోపించినారు. అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయవచ్చునన్న మాటకు ఊపు వచ్చినది. అనగా, ఏ సహాయం సంజీవరెడ్డిగారిని గట్టెక్కించవలెనో ఆ సహాయమే ఆయన సొంత పక్షంలో ఓట్లు జారుటకు సాకైనది. నవంబరులో కాంగ్రెసు రెండుగా చీలినది. 1971 ఎన్నికలలో స్వతంత్ర పార్టీ లోక్‌సభలో 8 స్థానాలకు దిగజారినది. 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయినది.

కథకు ఒక ముగింపు కలదు. 1977లో ఆ లోక్‌దళ్ కూడ చేరిన జనతా పార్టీ అధికారానికి వచ్చినది. అప్పుడు కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరండేల్‌గారిని నిలుపవలెనని ప్రధాని మొరార్జీ దేశాయ్ తలచినారు, ఆమె అంగీకరించలేదు. చివరకు సంజీవరెడ్డిగారి పేరు కుదిరినది. కాంగ్రెసుతో సహా పక్షాలన్నీ సమ్మతించినందున ఆయన పోటీ లేకుండా ఎన్నికైనారు. ఎనిమిదేళ్లనాడు ఒక వర్గం మనిషిగా ఓడినవారే, అందరి మనిషిగా వచ్చేసరికి ఒక్క ఓటు లెక్కించనక్కరలేకుండ గెలిచినారు. మనిషి మారలేదు, నిలిపిన తీరు మారినది.

ఈ వృత్తాంతమంతటిలో నాకు తోచినదొకటి ఉన్నది. సుబ్బారావుగారు ప్రధాన న్యాయమూర్తి ఆసనం నుండి, సంజీవరెడ్డిగారు స్పీకరు ఆసనం నుండి, గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతి ఆసనం నుండి లేచి పోటీకి వచ్చినారు. ముగ్గురూ తెలుగువారే, ముగ్గురివీ పక్షాలకు అతీతమైన పీఠాలే. ఒక పీఠాన్ని అందుకొనుటకు ఇంకొక పీఠం గౌరవాన్ని ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చును? వ్యవస్థలను కాపాడటమే తన పని అని నమ్మే పక్షం మొదట వేసుకొనవలసిన ప్రశ్న ఇది. ఆ కొలతతో చూచినప్పుడు 1967 నాటి ఎంపిక మనిషిని బట్టి ఉత్తమం, సమయాన్ని బట్టి లోపభూయిష్టం. 1969 నాటి ఎంపికలో మనిషి ఉత్తముడే. కాని అది సగం మనసుతో చేసిన పని. సంజీవరెడ్డిగారు కావలెననుకొంటే ముందే, బహిరంగంగా చెప్పవలసినది. వద్దనుకొంటే రెండవ గుర్తు మాట ఎత్తకుండవలసినది.

ఆ రాత్రి మండపేటలో కొట్టు యజమాని రేడియో కట్టి లేస్తూ, “మా అభ్యర్థి మంచివాడే సుమండీ” అన్నారట. “మంచివాడు కాడని ఎవరన్నారు? మీరు మంచివాడిని నిలిపి, మరొకరిని గెలిపించబోయినారు. అదీ చిక్కు” అని మా పెదనాన్నగారు బదులు చెప్పినారట. యజమాని నవ్వి ఊరుకొన్నారట. మరునాడు ఉదయం మళ్లీ ఆ అరుగుమీదే, అదే వాదం మొదటినుండి.