పేర్లు చెరిగిన ఫోటోలు: తెలుగు ఇళ్ల పాత చిత్రాల్లో మనుషులను గుర్తుపట్టే తీరు

పారిస్‌లో 1839లో లోకానికి వెల్లడైన ఫోటోగ్రఫీ విద్య రెండు దశాబ్దాలు తిరగకముందే భారతదేశంలో వేళ్లూనుకొని, 1854లో బొంబాయిలోనూ 1856లో మద్రాసులోనూ ఫోటోగ్రాఫర్ల సంఘాలు ఏర్పడేంతగా విస్తరించినా, తెలుగు కుటుంబాల ముంగిట్లోకి మాత్రం నెమ్మదిగానే వచ్చింది. మొదట జమీందార్లు, సంస్థానాధీశులు, ఆ తరువాత ఇంగ్లీషు చదివి సర్కారు కొలువుల్లోనూ కోర్టుల్లోనూ కుదురుకున్నవారు స్టూడియో మెట్లెక్కారు. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందన్న భయం చాలామందిని, ముఖ్యంగా ఆడవాళ్లను, ఎంతోకాలం కెమెరాకు దూరంగా ఉంచింది. ఇరవయ్యో శతాబ్దం ముందుకు సాగి పట్టణాల్లో స్టూడియోలు వెలిసిన కొద్దీ, పెళ్లికో షష్టిపూర్తికో కొడుకు పైచదువుకు ఓడెక్కబోయే ముందో కుటుంబమంతా కలిసి ఒక ఫోటో తీయించుకోవడం స్తోమత ఉన్న ఇళ్లలో ఆనవాయితీ అయింది. ఆ చిత్రాలు నేడు భోషాణాల్లోనూ ట్రంకుపెట్టెల్లోనూ బయటపడుతున్నాయి కానీ, వాటిలో కూర్చున్నదెవరో నిలుచున్నదెవరో చెప్పగలిగినవాళ్లు అరుదైపోయారు.

పేర్లు ఇలా చెరిగిపోవడానికి మరణాలూ మరపూ ఒక కారణమైతే, తెలుగు కుటుంబాల్లో మనుషులు ఒకరినొకరు పిలుచుకున్న పద్ధతి అంతకంటే పెద్ద కారణం. భార్య భర్త పేరు నోట పలికేది కాదు. కోడలు అత్తమామల పేర్లు ఎత్తేది కాదు, ఆ పేరే తన బిడ్డకు పెడితే బిడ్డను సైతం మరో ముద్దుపేరుతో పిలుచుకునేది. పిల్లలకు పెద్దవాళ్లంతా పెదనాన్నగారు, దొడ్డమ్మ, మేనత్త. ఒకే వరుసవాళ్లు ఎక్కువమంది ఉంటే ఊరు ముందు చేర్చి అమలాపురం అత్తయ్య, బందరు బాబాయి, రంగూను మావయ్య. ఇంటిల్లిపాదికీ తెలిసిన మనిషి పేరును ఫోటో వెనక రాయవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. రాసినవాళ్లు కూడా ‘అక్కయ్య పెళ్లి’ అనో ‘పెద్దబాబు’ అనో రాసి ఊరుకున్నారు. ఆ వరుస రాసినవారి నుంచి లెక్కపెట్టినది కనుక, చేతిరాత ఎవరిదో తేలితే తప్ప ఆ అక్కయ్య ఎవరి అక్కయ్యో తేలదు. అందువల్ల ఈ పని కాగితం నుంచి కాలానికి, కాలం నుంచి సందర్భానికి, సందర్భం నుంచి వరుసకు, వరుస నుంచి పేరుకు చేరే ప్రయాణంగా సాగాలి. ముఖంలోని పోలికను అన్నిటికంటే చివర చూడాలి.

బ్రిటిషు ప్రభుత్వం తీయించిన చిత్రాల కథ వేరు. 1868 నుంచి 1875 వరకు లండన్‌లో ఎనిమిది సంపుటాలుగా వెలువడిన ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’లోనూ, ఎడ్గార్ థర్‌స్టన్ కె. రంగాచారి సహకారంతో 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన ‘కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’లోనూ బొమ్మల కింద ఎక్కువగా కనిపించేది కులం పేరో తెగ పేరో మాత్రమే, కెమెరా ముందు నిలబడిన ఆ మనిషికి తల్లి పెట్టిన పేరొకటి ఉంటుందన్న సంగతి ఆ గ్రంథాల పద్ధతికి పట్టలేదు. అదే సామ్రాజ్యం కూలీలను ఓడలెక్కించి పంపిన చోట మాత్రం ముఖానికీ పేరుకూ ముడి వేసి మరీ దాచింది. 1834 నుంచి మారిషస్‌కు గిరిమిట్ కింద, అంటే గడువు గల కూలి ఒప్పందం కింద, వెళ్లిన సుమారు 4.5 లక్షల మంది భారతీయుల్లో తెలుగువారూ ఉన్నారు. అక్కడి 1867 నాటి కార్మిక చట్టం ఒప్పందం తీరిన పాత కూలీ కూడా తన ఫోటో ఉన్న పాసును వెంట ఉంచుకోవాలని శాసించింది. ఆ ద్వీపంలోని మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్న ఆనాటి రిజిస్టర్లలో ప్రతి కూలీకీ ఒక నంబరు ఉంది కనుక, ఆ నంబరు చేతిలో ఉన్న వారసులకు, ఫ్రెంచి ధోరణి అక్షరక్రమంలో పడి పేరు రూపు మారిపోయినా, ముత్తాత ముఖం దొరికే అవకాశం ఉంది. మనిషిని అదుపులో పెట్టడానికి తీసిన బొమ్మే ఆ వారసులకు తమ వంశపు తొలి ఆనవాలు కావడం చరిత్రలోని బాధాకరమైన సత్యాల్లో ఒకటి.

ఇంటి ఫోటోకు అలాంటి నంబరు ఉండదు కనుక ముందుగా వస్తువునే చదవాలి. సుమారు రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల పొడవు గల అట్టకు అతికించిన పల్చని చిత్రమైతే అది 1854లో ఫోటోగ్రాఫరు డిస్డెరి పారిస్‌లో పేటెంటు పొందిన ‘కార్ట్ ద విజిట్’ తరహాది. నాలుగుంపావుకు ఆరున్నర అంగుళాల అట్టయితే 1860ల రెండో సగంలో మొదలై ఆ శతాబ్దాంతం దాకా నడిచిన ‘కేబినెట్’ తరహాది. వెనుక కార్డులా గీతలు ముద్రించి, ఒక పక్క చిరునామాకూ మరో పక్క ఉత్తరానికీ చోటు విడదీసి ఉంటే, అలాంటి విభజనను బ్రిటన్ తపాలా శాఖ 1902లోనే మొదటిసారి అనుమతించింది కనుక, అది ఆ తరువాతి కాలానిదని చెప్పవచ్చు. అట్ట అడుగున స్టూడియో పేరు, ఊరు అచ్చయి ఉంటే సగం చిక్కు విడిపోతుంది. ఉదాహరణకు ఫోటోగ్రాఫరు లాలా దీన్‌దయాళ్ (1844–1905) పేరు ఉన్న సికింద్రాబాదు చిత్రం 1880ల మధ్యకాలానికి ముందుది కాజాలదు. ఆ పేరుకు ముందు ‘రాజా’ అని ఉంటే ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనకు బిరుదు ఇచ్చిన 1894 తరువాతిదని నిర్ణయించవచ్చు. పరదా పాటించే స్త్రీల కోసం ఆయన 1892లో హైదరాబాదులో ఒక ఆంగ్ల మహిళ నిర్వహణలో జెనానా స్టూడియో నెలకొల్పడం ఈ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోవలసిన ఘట్టం. పరాయి మగవాడి కంట పడని స్త్రీల ముఖాలు కాగితం మీద నిలవడానికి అక్కడ వీలు దొరికింది.

చిత్రం వెనుక తేదీ ఉన్నంత మాత్రాన చిక్కు తీరదు. ‘యువ నామ సంవత్సరం, వైశాఖం’ అని మాత్రమే ఉంటే, తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి కనుక, అది 1875 కావచ్చు, 1935 కావచ్చు, 1995 కూడా కావచ్చు. ఈ మూడింటిలో ఏదో కాగితమే తేల్చాలి. నిజాం రాష్ట్రపు కుటుంబాల్లో ఫసలీ సంవత్సరం, అంటే పంటల లెక్క కోసం ఏర్పడిన సర్కారు సంవత్సరం, కనిపిస్తుంది. దానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది కనుక 1340 ఫసలీ 1930–31 అవుతుంది. ఈ కూడిక తెలియనివారు 1340ని ఏ నెగటివ్ నంబరుగానో భావించి వదిలేసే ప్రమాదం ఉంది.

ఇక చిత్రంలోకి ప్రవేశిస్తే, నలుపు తెలుపులు చేసే మోసం అన్నిటికంటే ముందు తెలుసుకోదగినది. పంతొమ్మిదో శతాబ్దపు గాజు పలకల మీది వెండి లవణాలు నీలికాంతికే ఎక్కువగా స్పందించేవి. తరువాత వచ్చిన ఆర్థోక్రొమాటిక్ పలకలు, అంటే ఆకుపచ్చను కూడా గ్రహించి ఎరుపును మాత్రం గ్రహించలేనివి, చాలాకాలం వాడుకలో ఉన్నాయి. అన్ని రంగులనూ పట్టుకొనే పాంక్రొమాటిక్ ఫిల్ము 1920ల తరువాతే బాగా వ్యాపించింది. దీని ఫలితం తెలుగు ముఖాల మీద చాలా స్పష్టంగా కనిపిస్తుంది. తొలినాటి పలకల మీద ఎర్రని కుంకుమబొట్టు నల్లని చుక్క అవుతుంది, ఎర్ర పట్టుచీర బొగ్గులా కనిపిస్తుంది, లేతనీలం చీర తెల్లబడిపోతుంది. శుభకార్యం కదా అని ముఖానికి నిండుగా పసుపు రాసుకొని వచ్చిన ఇల్లాలు, పసుపు నీలికాంతిని మింగేస్తుంది కనుక, అసలు ఛాయకంటే ఎంతో నల్లగా పడుతుంది. ‘మా నాయనమ్మ పచ్చని మనిషి, ఈమె కాదు’ అని ఇంటివారు కొట్టిపారేసిన స్త్రీ ఆ నాయనమ్మే కావచ్చు. తెల్లచీరను చూసి వైధవ్యాన్ని నిర్ణయించడం కూడా ఇలాంటి పొరపాటే. నుదుట బొట్టు, మెడలో నల్లపూసలు, కాలి మట్టెలు ఉన్నాయో లేవో భూతద్దంతో చూసిన తరువాతే ఆ మాట అనాలి.

కుడి ఎడమలు సైతం పరీక్షించవలసినవే. జంధ్యం ఎడమ భుజం మీదుగా కుడిపక్కకు వేలాడుతుంది, పైట ఎడమ భుజం మీద ఉంటుంది. ఫోటోలో ఈ రెండూ తారుమారైతే నెగటివ్‌ను తిరగేసి ముద్రించారని అర్థం. అప్పుడు ‘ఎడమ నుంచి రెండవవారు’ అని ఎవరో అందించిన సమాచారం మొత్తం తలకిందులవుతుంది. పైట సరిగానే ఉండి ఒక్క పురుషుడి జంధ్యం మాత్రం కుడి భుజం మీద కనిపిస్తే, అది పితృకర్మ వేళ వేసుకొనే ప్రాచీనావీతి కావచ్చు. అలాంటి చిత్రంలో ఆయనే కర్త, అంటే కర్మ చేయవలసిన కొడుకో దత్తుడో.

కూర్చున్న తీరులో కుటుంబ నిర్మాణమంతా కనిపిస్తుంది. నడుమ కుర్చీల్లో వృద్ధ దంపతులు, వారి పక్కన పెద్దకొడుకు, వెనుక నిలబడిన కోడళ్లు, చాప మీద పిల్లలు అన్న వరుస సాధారణం. పెద్దవాళ్లంతా నిలబడి ఉండగా ఇరవై ఏళ్ల యువకుడొకడు కుర్చీలో దర్జాగా కూర్చుని ఉంటే అతడు కొత్త అల్లుడయ్యే అవకాశమే ఎక్కువ. కోడళ్లు సాధారణంగా భర్తల వయసు క్రమంలోనే నిలబడతారు కాబట్టి, ఒక్క పెద్దకోడలు ఎవరో తేలితే మిగిలినవారు వరుసగా తేలవచ్చు. పెళ్లి ఫోటోల్లో కనిపించనివారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి: వితంతువులను శుభకార్యపు ముందు వరుసకు రానివ్వని కాలంలో, ఇంట్లోనే ఉన్న మేనత్త చిత్రంలో లేకపోవడం ఆమె అప్పటికి చనిపోయిందనడానికి సాక్ష్యం కాదు. ఆమెను ఫోటో చట్రం బయటికి నెట్టిన ఆచారం ఆమె పేరును కూడా బయటికే నెట్టింది.

సందర్భాన్ని బట్టి వయసు చెప్పగలిగే చిత్రాల్లో పూలజడ ఫోటోది మొదటి స్థానం. మల్లెలూ కనకాంబరాలూ కుట్టిన జడతో, వడ్డాణం, వంకీలు పెట్టుకున్న అమ్మాయిని నిలబెట్టి, జడ కూడా కనిపించేలా వెనుక నిలువుటద్దం ఉంచి తీసిన ఈ చిత్రం చాలా ఇళ్లలో అమ్మాయి పెద్దమనిషి అయిన వేడుకది. అందువల్ల ఆమె వయసు పన్నెండు నుంచి పద్నాలుగు మధ్య ఉంటుందని ఊహించి, ఆ ఊహ నుంచి పుట్టిన సంవత్సరానికి వెనక్కి లెక్కవేయవచ్చు. ఆ నగలు చుట్టాలవో ఇరుగుపొరుగువారివో కావచ్చు గనుక వాటితో ఆస్తిపాస్తులను అంచనా వేయడం తగదు. నుదుట బాసికాలు కట్టుకున్న పసి దంపతుల చిత్రాన్ని చాలామంది 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన శారదా చట్టానికి, అంటే ఆడపిల్లకు 14, మగవాడికి 18 ఏళ్లను కనీస వివాహ వయసుగా నిర్ణయించిన చట్టానికి, ముందుదిగా నిర్ధారిస్తారు. ఈ నిర్ధారణ అన్నివేళలా నిలవదు. ఆ చట్టం ఫ్రెంచి పాలనలోని యానాంకు వర్తించకపోవడంతో గోదావరి జిల్లాల కుటుంబాలు అక్కడికి వెళ్లి బాల్యవివాహాలు జరిపించాయి. ఆ ఊరికి కళ్యాణపురమన్న పేరు స్థిరపడింది కూడా అందుకే.

ఇన్ని మెట్లు ఎక్కిన తరువాత ముఖం దగ్గరికి వస్తే, తెలుగు నేల మీద అక్కడ మరో చిక్కు ఎదురవుతుంది. మేనరికాలు, అంటే మేనమామతోనో మేనమామ, మేనత్తల సంతానంతోనో జరిగే పెళ్లిళ్లు, తరతరాలుగా సాగిన కుటుంబాల్లో భార్యాభర్తల ముక్కుతీరే కలుస్తుంది; పోలికను నమ్ముకుంటే కోడలు కూతురైపోతుంది. పైగా తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల వెనుక రాసిన ‘వెంకటరామయ్య’ ఏ తరంవాడో తెలియదు, దత్తత వెళ్లినవాడి ఇంటిపేరు మారి ఒకే మనిషి రెండు వంశాల చిత్రాల్లో రెండు పేర్లతో ఉంటాడు. గోడకు వేలాడే పెద్ద పటాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మనిషి పోయాక, ఎక్కడో గ్రూపు ఫోటోలో ఉన్న ముఖాన్ని స్టూడియోవారు పెద్దది చేసి, కుంచెతో కోటు, కండువా, కొన్నిసార్లు కళ్లు కూడా దిద్దేవారు. కనుక ఆ కోటును చూసి ఆయన ఉద్యోగాన్ని ఊహించడం చిత్రకారుడి ఊహను చరిత్రగా స్వీకరించడమే అవుతుంది. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పూలదండ వేసి, చుట్టూ బంధువులు నిలబడి తీయించుకున్న చిత్రాలు నేటివారికి వెగటుగా తోచవచ్చు. బతికుండగా ఒక్క ఫోటో కూడా లేని మనిషికి మిగిలిన ఏకైక రూపం అదే గనుక వాటిని చింపి పారేయడం తీరని నష్టం.

పేర్లు చివరికి దొరికేది మనుషుల నోటా, కర్మకాండ కాగితాల్లోనూ. ఎనభై దాటిన పెద్దావిడను నేరుగా ‘ఈమె ఎవరు’ అని అడిగితే తెలియదనవచ్చు. ‘ఈ కాసులపేరు ఎవరిది, తరువాత ఎవరికి ఇచ్చారు’ అని అడిగితే నగ వెంట మనిషి వస్తుంది. ఆమె చెప్పినదాన్ని ఆమె పేరుతో సహా రాసుకొని, ఖాయమైనదాన్నీ అనుమానమైనదాన్నీ విడివిడిగా గుర్తించడం పరిశోధనలో మొదటి నియమం, ఎందుకంటే ఒకసారి సిరాతో రాసిన తప్పుడు పేరు మరో నాలుగు తరాలు నిజంగా చెలామణి అవుతుంది. రెడ్ల వంటి కులాల గోత్రాలనూ ఇంటిపేర్లనూ వల్లించే పిచ్చుకుంట్లవారి జ్ఞాపకం, కాశీ గయల్లో తీర్థపురోహితుల బహీలు, అంటే యాత్రికుల వంశాలు నమోదయ్యే ఖాతా పుస్తకాలు, భూముల దస్తావేజులు, శుభలేఖలు మగవారి పేర్లను ఎక్కువగా ఇస్తాయి. ఆడవారి పేర్ల కోసం మాత్రం మహాలయ పక్షాల్లోనూ పుష్కరాల్లోనూ పిండప్రదానానికి రాసుకున్న జాబితాలను ఆశ్రయించాలి. తల్లి, నాయనమ్మ, ముత్తవ్వలతో పాటు పిన్నమ్మలు, మేనత్తలు, అప్పచెల్లెళ్లు, అత్తగారు, ఏ ఫోటోలోనూ చోటు దొరకని వితంతువులు కూడా పేరుతో, గోత్రంతో అక్కడ నమోదై ఉంటారు. ఉపనయనానికి ముందే పోయిన పసివాళ్లకు శ్రాద్ధవిధి లేదు గనుక వాళ్ల పేర్లు సాధారణంగా ఆ జాబితాలకు ఎక్కవు. చాప మీద కూర్చున్న పిల్లల్లో తరువాతి ఏ చిత్రంలోనూ కనిపించని వాళ్లెవరో తెలియాలంటే, పుట్టిన వేళ పురోహితుడు రాసి ఇచ్చిన జాతకాల కట్టను విప్పవలసిందే.