చవుడు నేల దాచిన విత్తనం

మా ఊరి చెరువు వెనుక ఒక చవిటి పర్ర ఉండేది. వేసవి వచ్చేసరికి తెల్లగా పొక్కి, ఎండకు కళ్ళు మిరుమిట్లు గొలిపేది. ఊరి రజకులు ఆ మన్ను తవ్వి బట్టలుతకడానికి తీసుకుపోయేవారు. "అక్కడ విత్తితే విత్తనం దండగ" అనేవారు మా తాతగారు. ఆ మాట ఎంతగా నాటుకుపోయిందంటే, ఉప్పునేలలో గోధుమ పండిన కథ చదివినప్పుడు మొదట నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఆ కథ రాజస్థాన్‌లోని పాలీ జిల్లాలో మొదలవుతుంది. అక్కడి నేల ఉప్పన, బావినీరూ ఉప్పనే. అయినా రైతులు తరతరాలుగా ఖార్చియా అనే నాటు గోధుమ పండించుకున్నారు. బతికిన మొక్కల గింజలే మరుసటి ఏటికి విత్తనం. చచ్చినవాటి వంశం అక్కడితో సరి. నేలే పరీక్షాధికారి అయిన ఆ ఎంపికకు లిఖిత చరిత్ర లేదు.

ఉప్పు మొక్కను రెండు విధాల దెబ్బతీస్తుంది. మొదటిది, వేళ్ళ చుట్టూ తడి ఉన్నా పీల్చుకోనివ్వదు. రెండవది, సోడియం ఆకుల్లో పేరుకొని వాటిని మాడ్చేస్తుంది. ఖార్చియా ఈ రెంటినీ తట్టుకుంది. కానీ లోపాలూ ఉన్నాయి: పొడుగ్గా పెరిగి పడిపోతుంది, తుప్పు తెగులుకు లొంగిపోతుంది.

1966లో భారతదేశం మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం తెప్పించింది. పొట్టి రకాలు, గొప్ప దిగుబడి. మంచి నేలల్లో నాటు రకాలు క్రమంగా కనుమరుగయ్యాయి. ఆ ఆకలి రోజుల్లో అందుకు ఎవరినీ తప్పుపట్టలేను. అయితే చవుడు నేలల్లో ఆ కొత్త విత్తనాల పప్పులుడకలేదు.

1969లో కేంద్ర మృత్తికా లవణీయతా పరిశోధన సంస్థ ఏర్పడింది. అది హర్యానాలోని కర్నాల్‌లో ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులు ఖార్చియా 65ను, పంజాబ్ పొట్టి రకం డబ్ల్యూఎల్ 711తో సంకరపరిచారు. పని తేలిక కాదు. చవిటి పొలంలో అడుగడుగుకూ ఉప్పు మారుతుంది. బాగా ఎదిగిన మొక్క నిజంగా గట్టిదో, మంచి చోట పడిందో చెప్పడం కష్టం. అందుకని చవుడు పాళ్ళు కొలిచి నింపిన చిన్న మళ్ళల్లో పరీక్షించారు. ఆ సంకరం నుంచి వచ్చిన కేఆర్ఎల్ 1-4 రకం 1990లో విడుదలైంది. దాని సంతతి కేఆర్ఎల్ 19, 2000లో వచ్చింది.

ఇలాంటిదే మరో కథ ఆస్ట్రేలియాలో జరిగింది. డ్యూరమ్ గోధుమ ఉప్పుకు సుకుమారి. రాణా మన్స్ బృందం వెతుకుతూ పోతే ఒక డ్యూరమ్ రకం ఆకుల్లో సోడియం చాలా తక్కువగా కనిపించింది. ఆరా తీస్తే, దశాబ్దాల క్రితం తుప్పు తెగులును తట్టుకోవడం కోసం ఎవరో దానిని ఐన్‌కార్న్ అనే ప్రాచీన గోధుమతో సంకరపరిచారని తేలింది. తెగులు కోసం వెతికినవారికి తెలియకుండానే ఉప్పుకు విరుగుడు కూడా వెంట వచ్చింది! ఆ జన్యువు వేరులోనే సోడియాన్ని పట్టి ఆపుతుంది. ఉప్పుపొలంలో అది దిగుబడిని 25 శాతం వరకు పెంచిందని 2012లో ప్రకటించారు.

విత్తనం ఒక్కటే చవుడును మాన్పదు. జిప్సం చల్లాలి, మురుగు కాలవలు తీయాలి, నీరు పొదుపుగా పెట్టాలి. అవి లేకుండా కొత్త రకం మీదే భారం వేస్తే రైతుకు మిగిలేది మళ్ళీ తెల్లటి పర్రే.

నన్ను వెంటాడేది మరో ఆలోచన. దిగుబడి తక్కువని ఖార్చియాను పాలీ రైతులు ఎప్పుడో వదిలేసి ఉంటే, కర్నాల్ శాస్త్రజ్ఞుల చేతికి ఏం దక్కేది? రకాల పేర్లు పుస్తకాలకెక్కాయి. గాదె అడుగున నాలుగు శేర్ల విత్తనం దాచినవారి పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

మా తాతగారి మాట తప్పని అనను. ఆయన చేతికి ఆ నేలకు తగిన విత్తనం అందలేదు, అంతే.